నీటి పులికి గాజు గూడు

చెరువుల్లో, మడుగుల్లో వేటాడి బతికే పురుగుల్ని ఇంటికి తెచ్చి గాజు పాత్రల్లో పెంచడం యూరప్‌లో పద్దెనిమిదో శతాబ్దం నాటికే ఉంది. ఈ పురుగులన్నీ ఒక్క జాతివి కావు. నీళ్లలో మునిగి ఈదే పెంకుపురుగులు, నీటి నల్లులు, నీటి తేళ్లు, వెల్లకిలా ఈదే పురుగులు, ఇంకా రెక్కలు రాని తూనీగ పిల్లలు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అన్నిటికీ ఉన్న పోలిక ఒక్కటే. ప్రాణమున్నదాన్ని పట్టుకు తింటాయి. తోడు పెడితే ఆ తోడునీ తింటాయి. అందుకే చేపలు పెంచేవాళ్లు ఎంత పెద్ద తొట్టె దొరుకుతుందా అని వెతికితే, వీటిని పెంచేవాళ్లు చిన్న సీసాలు ఎన్ని దొరుకుతాయా అని వెతుక్కున్నారు.

తొలి పెంపకందార్లకు ఇది కాలక్షేపం కాదు. పురుగు ఎలా పుడుతుందో, ఎలా మారుతుందో కళ్లారా చూడాలంటే దాన్ని ఇంట్లో పెట్టుకోక తప్పేది కాదు. ఫ్రాన్స్‌లో రెయోమ్యూర్ 1734 నుంచి 1742 దాకా ఆరు సంపుటాలుగా వెలువరించిన కీటక చరిత్రలో తూనీగ పిల్ల నోటి నిర్మాణాన్ని వివరించాడు. దాని కింది పెదవి మడత పడి, ముఖాన్ని సగం కప్పేసి ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే ఆ పెదవి చాచిన చెయ్యిలా ముందుకు దూసుకుపోయి, చివరనున్న కొక్కేలతో పట్టుకుని మళ్లీ వెనక్కి మడుచుకుంటుంది. దీనికి రెయోమ్యూర్ ముసుగు అని పేరు పెట్టాడు. కీటకశాస్త్రంలో ఆ పేరే స్థిరపడింది.

అదే కాలంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆగస్ట్ యోహాన్ రోజెల్ ఫాన్ రోజెన్‌హోఫ్ అనే సూక్ష్మచిత్రకారుడు ఉండేవాడు. బతుకుతెరువు చిత్రకళ, ప్రాణం పురుగుల మీద. వాటిని ఇంట్లో పెంచి, ప్రతి దశనూ బొమ్మ గీసి, రాగి రేకు మీద చెక్కి 1740 నుంచి నెలనెలా అచ్చు వేయించాడు. ఆ ప్రచురణ పేరుకి అర్థం కీటక వినోదం. పండితులకే కాక బొమ్మలు చూసి ఆనందించే ఇంటివాళ్లకూ ఉద్దేశించిన పుస్తకమది. నీటి పురుగులకు అందులో తగిన చోటు దక్కింది. శాస్త్రానికి పనికొచ్చే పురుగు వినోదానికీ పనికొస్తుందని పేరులోనే ఒప్పుకున్న పుస్తకం అది.

ఈ పెంపకంలో ఎక్కువ పేరు మోసింది యూరప్ చెరువుల్లోని పెద్ద నీటి పెంకుపురుగు. శాస్త్రీయ నామం డైటిస్కస్ మార్జినాలిస్. పొడవు మూడు సెంటీమీటర్ల చిల్లర, ముదురు ఆకుపచ్చ నలుపు వీపు, అంచున పసుపు చార. అందుకే జర్మన్లు దాన్ని పసుపంచు పురుగు అంటారు. అది ఊపిరి తీసుకునే తీరు చూసిన పిల్లలు తొట్టె దగ్గర్నుంచి కదలరు. ఒళ్లు తేలిగ్గా వదిలేసి తలకిందులుగా పైకొచ్చి, తోక కొసను నీటి పొర మీదికి పెట్టి, వీపు పెంకు కింద గాలి నింపుకుని, ఒక వెండి బుడగ తోకకి అంటించుకుని మళ్లీ కిందికి దిగిపోతుంది.

దాని పిల్లనే నీటి పులి అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పొడవు ఆరు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒళ్లు రొయ్యలా వంపు తిరిగి ఉంటుంది. ముందు కొడవళ్లలాంటి రెండు కోరలు. ఈ కోరలు బోలుగా ఉంటాయి. తోకకప్పను పట్టగానే కోరల గుండా జీర్ణరసాన్ని దానిలోకి ఎక్కిస్తుంది. లోపలి మాంసం జావలా కరిగిపోతుంది, ఆ జావను అదే కోరల్లోంచి పీల్చుకుంటుంది. కాసేపటికి తోకకప్ప తోలుతిత్తి ఒక్కటే నీళ్లలో తేలుతుంది. అంటే భోజనం అరిగేది పురుగు పొట్టలో కాదు, ఎర ఒంట్లో.

రోజెల్ కాలంలో ఇలాంటి పురుగును పెంచడం కలిగినవాళ్లకో, పట్టుదల ఉన్నవాళ్లకో సాధ్యమయ్యేది. గాజు ఖరీదు. బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు. గాజు చౌకబడింది. 1850 ప్రాంతంలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు బంగారు చేపలు, కాస్త నీటి మొక్క, కొన్ని నత్తలు ఒకే పాత్రలో వేసి, నీళ్లు మార్చకుండానే అవి బతుకుతాయని చూపించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గోస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ చేరింది. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ లండన్‌లో ఏకంగా అక్వేరియం సరుకుల దుకాణమే తెరిచాడు. 1856లో జర్మనీలో రోస్మేస్లర్ ఒక కుటుంబ పత్రికలో రాసిన వ్యాసం అక్కడా అదే పిచ్చిని అంటించింది. దాని పేరు ‘గాజులో సరస్సు’.

ఈ ఉత్సాహంలో నీటి పురుగుల గతి ఏమైంది? చెరువు నీళ్లతో పాటు తెలియకుండా వచ్చిన ఒక్క పెంకుపురుగు తెల్లారేసరికి బంగారు చేపల పొట్టలు చీల్చిపెట్టేది. చేపల పెంపకం పుస్తకాల్లో వీటి గురించి ఉన్నవి ఎక్కువగా హెచ్చరికలే. ఒక్క షర్లీ హిబర్డ్ వేరుగా ఆలోచించాడు. తోటల మీద, ఇంటి అలంకరణ మీద రాసి పేరు తెచ్చుకున్న ఈయన 1856లో తెచ్చిన అక్వేరియం పుస్తకంలో ‘నీటి అలమర’ అంటూ ఒక విభాగమే పెట్టాడు. చేపలతో కలపకుండా నీటి పురుగుల్ని విడిగా పెంచే ఏర్పాటు అది. వేట పురుగుకి చేపల తొట్టెలో చోటు లేకపోతే దాని ఇల్లు దానికి కట్టాలన్నది ఆయన పట్టు. దొంగను ఇంట్లోంచి తరమకుండా వేరే గది చూపించాడన్నమాట.

మూత సంగతి మాత్రం ప్రతి పెంపకందారూ ఒకసారి దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాడు. నీటి పెంకుపురుగుకి రెక్కలున్నాయి, రాత్రిపూట ఎగురుతుంది. తడి మెరుపు ఎక్కడ కనిపిస్తే అక్కడ దిగుతుంది. పూలమొక్కల అద్దాల ఇళ్ల కప్పు మీద చెరువు అనుకుని పడ్డ సందర్భాలున్నాయి.

అక్వేరియం పిచ్చి బ్రిటన్‌లో పదిహేనేళ్లు కూడా నిలవలేదు. పురుగుల పెంపకం బడిపిల్లల దగ్గరా, ప్రకృతి పరిశీలకుల దగ్గరా మిగిలింది. లీడ్స్ ఆచార్యుడు మయాల్ 1895లో నీటి కీటకాల మీద రాసిన పుస్తకం ఈ పాఠకుల కోసమే. జర్మనీలో ఒక్క పసుపంచు పురుగు మీదే 1923-24లో కోర్షెల్ట్ సంపాదకత్వంలో రెండు భారీ సంపుటాలు వచ్చాయి. ఇక 1949లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ జంతువులతో తన సావాసం గురించి రాసిన పుస్తకంలో అక్వేరియం వేటగాళ్లకి ఒక అధ్యాయం ఇచ్చాడు. తనంత ఉన్న సొంత జాతి ప్రాణిని, వేరే తిండి అందుబాటులో ఉండగా కూడా తినే జంతువు తనకు తెలిసి నీటి పులి ఒక్కటే అన్నది ఆయన గమనిక. సీసాకి ఒక్కటి అనే పాత నియమానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు.

ఈ పెంపకం యూరప్‌లో మొదలై పెరిగినా, అది ఒక జనాదరణ ఉన్న అలవాటుగా ముదిరింది జపాన్‌లో. అక్కడ ప్రతి నీటి పురుగుకీ ఒక వాడుక పేరుంది. పెద్ద నీటి పెంకుపురుగు గెంగొరో. అది అచ్చంగా మగవాళ్ల పేరు. పెద్ద నీటి నల్లి తగామె, అంటే మడి తాబేలు. నీటి తేలు తైకో-ఉచి, డప్పు కొట్టేవాడు. ముందు కాళ్లు పైకీ కిందికీ ఆడించే తీరు చూసి పెట్టిన పేరు. పుల్లలాంటి సన్నటి నీటి తేలు మిజుకమాకిరి, అంటే నీటి గొల్లభామ. వీపు మీద గుడ్లు మోసే చిన్న నల్లి కోయిముషి, పిల్లల్ని మోసే పురుగు. తూనీగ పిల్ల యాగో.

పేర్లున్నాయి గానీ పాత జపాన్‌లో వీటికి బేరం లేదు. ఎడో (ఇప్పటి టోక్యో) పట్టణంలో పురుగుల వర్తకం పద్దెనిమిదో శతాబ్దం చివరికి బాగా పుంజుకుంది. ఆ కథను రచయిత లఫ్కాడియో హెర్న్ 1898లో వివరంగా రాశాడు. పాడే కీచురాళ్లు, మిణుగురులు వెదురు పంజరాల్లో అమ్ముడుపోయేవి. పాడని, వెలగని నీటి పురుగుని ఎవరు కొంటారు? వైద్యుడు కురిమొతో తాన్షూ 1811లో కూర్చిన ‘వేయి పురుగుల’ చిత్రావళిలో వీటికి బొమ్మలు దక్కాయి, అంతే. పల్లెల్లో పిల్లలు మడిలోంచి పట్టుకుని ఆడుకునేవాళ్లు. కొన్ని కొండ ప్రాంతాల్లో గెంగొరోని వేయించుకుని తినేవాళ్లు. కార్ప్ చేపలు పెంచేవాళ్లకు తగామె శత్రువు.

ఈ శత్రుత్వం తెలుగు నేలకీ కొత్త కాదు. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు, భీమవరం వైపు చేపల రైతులకు నర్సరీ చెరువుల్లో నీటి పెంకుపురుగులు, నీటి తేళ్లు, నీటి నల్లులు, వెల్లకిలా ఈదే పురుగులు అన్నీ చేపపిల్లల్ని మింగే తెగుళ్లే. పిల్ల వదలడానికి ముందు హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపి నీటి మీద పోయడం చేపల శాస్త్రవేత్తలు సూచించిన పద్ధతి. నూనె పొర పైన పరుచుకుంటుంది. ఊపిరి కోసం తోక పైకి పెట్టిన పురుగుకి గాలి అందదు. రోజెల్ ఇంట్లో అబ్బురపరిచే ఆ తోక ఊపిరే ఇక్కడ దాని ప్రాణాల మీదికి తెస్తుంది.

జపాన్‌లో అలాంటి ప్రయత్నమేదీ అక్కర్లేకుండానే పురుగు మాయమైంది. తగామె బతుకు వరిసాగుతో ముడిపడింది. వేసవి మొదట్లో దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడిలో కప్పలు గుడ్లు పెడతాయి. వాటి తోకకప్పల మీద తగామె పిల్లలు పెరుగుతాయి. చలికాలానికి పెద్దవి గట్ల పక్క ఆకుల కింద దాక్కుంటాయి. 1950ల నుంచి పురుగుమందులు వచ్చాయి. తర్వాత మడులన్నిటినీ చదరం చేసి, మట్టి కాలువల స్థానంలో సిమెంటు కాలువలు, పైపులు వేశారు. పైరు మధ్యలో నీరు తీసేసి పొలం ఆరగట్టే అలవాటుతో ఎదగని పిల్లలు మడిలోనే ఎండిపోయేవి. పాత నీటి గుంటల్లోకి అమెరికా నుంచి వచ్చిన బాస్ చేపలు, ఎర్ర రొయ్యజాతులు చేరాయి. రాత్రి దీపాలకు ఆశపడి ఎగిరొచ్చిన పెద్ద పురుగులు రోడ్ల మీద నలిగిపోయాయి. తాతలు మడిలో చేయి పెట్టి పట్టిన పురుగును మనవళ్లు దుకాణంలో కొనుక్కునే రోజు అలా వచ్చింది.

దుకాణంలో ధర పలికింది గనకే పెంపకం మీద శ్రద్ధ పెరిగింది. దానికి మూలమైన పరిశీలనల్లో ముఖ్యమైనవి హిమేజీ నగర అక్వేరియంలో జరిగాయి. అక్కడి ఇచికావా నొరితాకా 1980ల చివర్లో, 1990ల్లో తగామెల కుటుంబ జీవితాన్ని వివరించే వ్యాసాలు ప్రచురించాడు. ఆడది నీళ్ల పైకి పొడుచుకొచ్చిన పుల్ల మీద అరవై నుంచి వంద దాకా గుడ్లు ఒకే ముద్దగా పెట్టి వెళ్లిపోతుంది. కాపలా మగదానిది. రాత్రుళ్లు అది నీళ్లలో మునిగి, తడిసిన ఒంటితో పుల్ల ఎక్కి, గుడ్ల మీద నీళ్లు విదిలిస్తుంది. తడి అందకపోతే గుడ్లు ఎండి చస్తాయి. పగటి ఎండకు తన ఒంటితోనే నీడ పడుతుంది.

అసలు ఆశ్చర్యం ఇంకా ముందుంది. అలా కాపలా కాస్తున్న మగదాని దగ్గరికి గుడ్లు నిండిన ఇంకో ఆడది వస్తుంది. మగది అడ్డుపడుతుంది, తోస్తుంది. ఆడది దానికన్నా పెద్దది. చాలాసార్లు ఆడదే గెలిచి, పుల్ల ఎక్కి, ఆ గుడ్ల ముద్దను చీల్చి పాడుచేస్తుంది. కాపాడడానికి ఇక ఏమీ మిగలని మగది ఆ ఆడదానితోనే జతకట్టి, దాని గుడ్లకు కాపలా కూర్చుంటుంది. గుడ్లు కాసే మగవాటికి ఎప్పుడూ కరువే, ఆడది ఆగలేదు. చీకటి పడ్డాక మడి మధ్యలో జరిగే ఈ తతంగాన్ని అడుగు దూరం నుంచి చూడగలిగేది తొట్టెలోనే. పెంపకందార్లకు దీంతో ఒక ఆచరణ దొరికింది. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని వేరే తొట్టెలోకి మార్చేస్తారు.

గెంగొరో వ్యవహారం ఇంకో రకం. పెద్దది కాస్త ఓపికతో పెంచదగ్గ పురుగు. నాలుగు ఎండు నెత్తళ్లు వేస్తే చాలు, రెండు మూడేళ్లు సులువుగా బతుకుతుంది. అయితే ఒడ్డుకెక్కి వీపు ఆరబెట్టుకునే చోటు లేకపోతే ఒంటికి బూజు పడుతుంది. పిల్లల్ని తీయడమే కష్టం. ఆడది గుడ్లను నీటి మొక్కల కాడలు చీల్చి లోపల దాస్తుంది. గుడ్లలోంచి బయటికొచ్చిన ప్రతి పిల్లకూ ఒక ప్లాస్టిక్ గిన్నె. బతికున్న మేత. నీళ్లు తరచూ మార్చాలి, లేదంటే కుళ్లు. రెండుసార్లు కుబుసం విడిచి ఎదిగాక పిల్ల మేత ముట్టడం మానేస్తుంది. గిన్నె అంచు చుట్టూ తచ్చాడుతుంది. అది నేల వెతుక్కుంటోందని అనుభవమున్నవాడికి తెలుస్తుంది. తడి మట్టి నింపిన డబ్బాలోకి మారిస్తే లోపలికి తవ్వుకుపోయి, గుండ్రటి గది కట్టుకుని, కొన్ని వారాలకు పెద్ద పురుగై పైకొస్తుంది. ఒక్కరోజు ఆలస్యం చేస్తే నీళ్లలోనే మునిగి చస్తుంది. యాభై పిల్లలుంటే యాభై గిన్నెలు, రోజూ యాభై సార్లు నీళ్లు. మోరీ మసాతో, కితాయామా అకిరా కలిసి 1993లో జపాన్ గెంగొరోల సచిత్ర గ్రంథం తెచ్చారు. 1990ల చివరికి పెంపకం, సంతానం మీద పూర్తి స్థాయి చేతి పుస్తకాలూ వచ్చాయి. ఇషికావా రాష్ట్రంలోని కీటక మ్యూజియం, ఫుకుషిమాలోని ఇనవషిరో అక్వేరియం లాంటి చోట్ల ఇదే గిన్నెల పద్ధతిలో అరుదైన జాతుల్ని కాపాడుతున్నారు.

పుస్తకాలూ దుకాణాలూ అక్కర్లేని పెంపకం ఇంకొకటుంది. జపాన్ బడుల్లో ఆరుబయట ఈత కొలనులుంటాయి. అగ్నిప్రమాదాలకు అక్కరకొస్తాయని ఈత కాలం అయిపోయాక కూడా నీళ్లు తీయరు. శరదృతువులో తూనీగలు వచ్చి ఆ పాచి నీళ్లలో గుడ్లు పెడతాయి. మళ్లీ వేసవి ముందు కొలను కడిగేటప్పుడు లోపలంతా యాగోలే. వాటిని కాలువలో పోనివ్వకుండా పిల్లలు వలలతో పట్టి తరగతి గదిలో పెంచుతారు. గ్లాసులో ఒక తూనీగ పిల్ల, అందులో నిలబెట్టిన ఒక పుల్ల. చాలాసార్లు అది అక్కడ భోజనానికి వాడే పుల్లల్లో ఒకటే. ఒక రాత్రి ఆ పిల్ల పుల్ల ఎక్కి వీపు చీల్చుకుంటుంది. పొద్దున బడికొచ్చినవాళ్లకు ఖాళీ తొడుగు పుల్లకి అంటుకుని కనిపిస్తుంది.

అమెరికాలో ఈ మోజు కొంత కీటక ప్రదర్శనశాలల మీదుగా పాకింది. అరిజోనా ఎడారి వాగుల్లో, మెక్సికోలో దొరికే ఒక చిన్న పెంకుపురుగు నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలతో పగలే చురుగ్గా తిరుగుతుంది. పెద్దవి ఒకే తొట్టెలో సర్దుకుంటాయి. చూపరులకు ఇంతకన్నా ఏం కావాలి? దాని పిల్లలు మాత్రం మామూలు నీటి పులులే, విడివిడిగా ఉంచి దోమ పిల్లలు మేపాలి. 2010లో సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పిల్లల కంట్లో రెండు దూరాలకు పనికొచ్చే కటకం ఉందని చూపించారు. ముసలివాళ్ల కళ్లజోడులో ఉండే ఏర్పాటు అది.

జపాన్‌లో చివరికి చట్టం రాక తప్పలేదు. మిగిలిన తగామెల్ని వ్యాపారులు పొలాల మీద పడి గంపగుత్తగా పట్టి, ఇంటర్నెట్ వేలంలో అమ్మేవాళ్లు. అయినా పట్టడమే నేరమంటే బడిపిల్లలకూ పరిశీలకులకూ దారి మూసుకుపోతుంది. అందుకే మధ్యేమార్గంగా 2017లో అరుదైన జాతుల రక్షణ చట్టాన్ని సవరించి, వ్యాపారాన్ని మాత్రమే అడ్డుకునే కొత్త వర్గం సృష్టించారు. 2020 ఫిబ్రవరిలో ఆ వర్గంలో చేర్చిన తొలి జీవుల్లో తగామె ఒకటి. అమ్మకానికి పట్టడం, అమ్మడం, అమ్మకానికి ప్రదర్శించడం నిషేధం. శిక్ష ఐదేళ్ల దాకా జైలు లేదా 50 లక్షల యెన్‌ల దాకా జరిమానా. సంస్థలకైతే 10 కోట్ల యెన్‌ల దాకా. 2023 జనవరిలో గెంగొరో కూడా ఆ జాబితాకెక్కింది. అమ్మే ఉద్దేశం లేకుండా మడిలోంచి ఒక పురుగును పట్టి ఇంట్లో గాజు పాత్రలో పెంచుకోవడానికి ఆ చట్టం అడ్డు చెప్పదు.